వరి జడలో మిరపకాయలు

మంగతాయారు గారి వసారాకి ఆ ఏడు వేలాడినంత నిండైన వరి కుచ్చు చుట్టుపక్కల ఏ చూరుకీ లేదు. కోతలు కాగానే ఆవిడ మంచి కంకులు ఏరి, జడలా అల్లి, పిచ్చుకల కోసం వాసానికి కట్టింది. ఆ పక్కనే చూరు సందులో గవరమ్మ అనే ఆడపిచ్చుక కాపురం. గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలు. గవరమ్మ కుచ్చు మీద వాలి రెండు గింజలు నోట వేసుకునేది, పురుగు కోసం బెండ మొక్కల మీదకి ఎగిరేది, మళ్ళీ గూటికి పరుగెత్తుకొచ్చేది. ఆ హడావిడి చూస్తే ఇంట్లో పెళ్ళి జరుగుతోందనుకోవాలి.

ఆ సంబరంలోకి కొబ్బరితోట నుంచి చారలయ్య అనే ఉడుత దిగాడు.

"వదినా, పిల్లలు కులాసాయేనా? నీ కుచ్చుకి పురుగు పట్టిందని విన్నాను. దులిపి పెడదామని వచ్చాను" అన్నాడు.

"నాకేం పురుగు కనబడలేదే మరిదీ."

"కనబడకుండా తినేదే అసలు పురుగు" అంటూ వాసం మీంచి జారి కంకుల్ని పటపటా కొరికేశాడు. తిన్నది గుప్పెడు, నేలపాలు చేసింది చేటెడు.

మర్నాడు మళ్ళీ హాజరు. "వదినా, తుఫాను వస్తోందట. గింజలు తడవకుండా మా తొర్రలో దాచిపెడతాను."

ఆకాశంలో మబ్బు తునక లేదు. గవరమ్మకి ఒళ్ళు మండింది. "ఇది దొంగతనం కాదా?" అని అడిగింది.

"దొంగతనమా? నా వీపు చూడు. మా తాతల వీపు సాక్షాత్తూ దేవుడు నిమిరాడు. ఆ వేళ్ళ గుర్తులున్నవాణ్ణి పట్టుకుని దొంగంటావా?" అని తోక ఊపుకుంటూ పోయాడు.

ఆ పొద్దున మంగతాయారు చీపురు పట్టుకుని వసారాలోకి వచ్చింది. నేలంతా ఊక, విరిగిన కంకులు. "పిచ్చుకలకని కడితే ఉడుతల పాలవుతోంది. ఊడవలేక నా నడుం పడిపోతోంది. రేపు పొద్దున్నే ఈ కుచ్చు తీసి అవతల పారేస్తాను" అని తనలో తనే గొణుక్కుంది.

గూట్లోంచి గవరమ్మ ఆ మాట వింది. కుచ్చు పోతే గింజ కోసం ఊరవతల కళ్ళాల దాకా ఎగరాలి. తను వెళ్ళొచ్చేలోగా కాకి వచ్చి గూడు ఖాళీ చేస్తుంది. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఈ కుచ్చు ఇక్కడే ఉండాలి.

పెరట్లో ఎండబోసిన ఎర్ర మిరపకాయల మీద ఓ ముసలి చిలక కూర్చుని, కాయ చీల్చి గింజలు తింటోంది. గవరమ్మ వెళ్ళి దాని పక్కన వాలింది.

"పిన్నీ, నా కొంప మునిగింది" అని సంగతంతా చెప్పుకుని ఏడ్చింది.

"ఏడుపు తర్వాత. ముందు ఈ గింజ తిను" అంది చిలక. గవరమ్మ తింది. "ఎలా ఉంది?"

"ఎలా ఉంటుంది, గింజలా ఉంది."

"మనకంతే. మిరపకాయకి నోరు మండడమంటే ఏమిటో మన రెక్కలవాళ్ళకి తెలీదు. పొద్దున ఆ దూడ ఒక్క కాయ నమిలి పెరడంతా గంతులేసింది."

గవరమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. దూడ గంతులేస్తే ఉడుత ఊరుకుంటాడా?

ఇక చూడాలి వాళ్ళ పని. చిలక కాయలు చీల్చడం, గవరమ్మ ఆ ముక్కలు మోసుకెళ్ళి వరి జడలో తురమడం. జారిపోయిన ముక్కని మళ్ళీ తెచ్చి తురిమింది. ముక్కు నొప్పెట్టినా ఆగలేదు. గూట్లో పిల్లలు ఆకలని గోలపెడుతుంటే మధ్యలో ఓ పురుగు అందించి మళ్ళీ పరుగు. పొద్దు వాలేసరికి కుచ్చు పెళ్ళికూతురి జడలా ఎర్రగా తయారైంది.

"వాడడిగితే తియ్యటి పండని చెప్పు" అంది చిలక.

"వద్దు పిన్నీ, ఉన్నదే చెబుతాను. వాడి సంగతి నాకు తెలుసు."

అనుకున్నట్టే మర్నాడు తెల్లారగానే, మంగతాయారు ఇంకా బయటికి రాకముందే, చారలయ్య దిగాడు. వాడు కొబ్బరితోటలో పుట్టి పెరిగినవాడు, మిరపకాయ మొహం ఎరగడు. "ఏమిటి వదినా ఈ సింగారం?"

"మిరపకాయలు. తినకు మరిదీ, నోరు మండిపోతుంది" అంటూ గవరమ్మ ఓ ఎర్ర తునక నోట వేసుకుని తీరిగ్గా మింగింది.

"మరి నువ్వు తింటున్నావే?"

"మాకు మండదు."

చారలయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నాకే నేర్పుతున్నావా? తుఫాను కథ చెప్పినవాణ్ణి నేను. తియ్యటి పండు నువ్వు దాచుకుని, నాకు మంటంటావా?"

"నా పిల్లల మీద ఒట్టు. తినకు."

"ఒట్లు నేనూ బోలెడు వేశాను" అని ఎర్రటి ముక్కలూ గింజలూ కలిపి నోటినిండా కుక్కుకుని కరకరా నమిలాడు.

కాసేపు ఏమీ కాలేదు. తర్వాత వాడి మీసాలు వణికాయి. తోక చీపురుకట్టలా విచ్చుకుంది. కీచుమని అరుస్తూ వాసమెక్కి, వాసం దిగి, గోడెక్కి, గోడ దిగి, దారి తెలియక గేదె కుడితి తొట్టిలో దభీమని పడ్డాడు. చూరు మీది పిచ్చుకలన్నీ రెక్కలు కొట్టి గోలగోల చేశాయి.

ఆ అలికిడికి మంగతాయారు బయటికొచ్చింది. తొట్టిలో ఉడుతని చూసింది, కుచ్చులో ఎర్ర ముక్కల్ని చూసింది, వాటిని కులాసాగా తింటున్న గవరమ్మని చూసింది. పడీ పడీ నవ్వింది. "ఓసి నీ తెలివి తగలెయ్య, ఇది నాకు తట్టలేదే" అంది. కుచ్చు తీసెయ్యలేదు సరికదా, లోపలికెళ్ళి గుప్పెడు కారం తెచ్చి కంకులకి పట్టించింది.

చారలయ్య తడిసిన తోకతో తొట్టి అంచు మీదకి పాక్కుంటూ వచ్చాడు. కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. "వదినా, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు.

"చెప్పాను మరిదీ. ఒట్టేసి మరీ చెప్పాను" అంది గవరమ్మ, పిల్లలకి పురుగు కోసం బెండ మొక్కల మీదకి ఎగురుతూ.

పూటకో అబద్ధం ఆడేవాడికి, ఎదుటివాళ్ళు చెప్పే నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.