నునుపు చేసిన ఇరుసు

అనగనగా, కనుమ దారులే తప్ప చదును బాటలు లేని ఒక కొండ రాజ్యం. అక్కడ సింగనాచారి అనే కమ్మరి బండ్లకు ఇనుప ఇరుసులు చేసేవాడు.

ఇరుసును కాచి, సాగగొట్టి, చల్లార్చితే మిగతా కమ్మరుల పని అయిపోయేది. సింగనాచారి పని అప్పుడే మొదలయ్యేది. గుండ్రటి మొన ఉన్న చిన్న సుత్తితో, చల్లారిన ఇనుము మీద వేలెడు చోటైనా వదలకుండా మూడు రోజులు కొట్టేవాడు. ఆ దెబ్బలకు పైపొర అదుముకుని బిగిసేది. అలా బిగిసిన చోట పగులు నోరు తెరిచేది కాదు. చూపుకు మాత్రం ఆ ఇరుసు అమ్మవారి మచ్చలు పడ్డ ముఖంలా ఉండేది.

అతని తమ్ముడు లింగన్నకు కొలిమి పని అబ్బలేదు. రాజుగారి బండి తోలుకుంటూ భార్య చెన్నమ్మతో అన్న పంచనే ఉండేవాడు.

ఒకనాడు రాజుగారు పొరుగు రాజుకు కానుకలు పంపడానికి కొత్త బండి చేయించారు. ఇరుసు చూసి ముఖం చిట్లించారు.

“ఏమయ్యా ఆచారీ, ఈ గుంతలేమిటి? పొరుగు రాజు నవ్వడూ? అద్దంలా నునుపు చెయ్యి.”

“మహాప్రభూ, దాని బలమంతా ఆ పైపొరలోనే ఉంది. అది అరగదీస్తే...”

“నునుపు చేస్తావా, కొలిమి మూసుకుంటావా?”

కొలిమి పోతుందని భయపడి సింగనాచారి సరేనన్నాడు. ఆకురాయి పట్టి, మూడు రోజుల కష్టాన్ని ఒక్క పూటలో అరగదీశాడు.

బండి కట్టే పొద్దున లింగన్న అడిగాడు. “అన్నా, ఇరుసు గట్టిదేనా?”

“గట్టిదేరా,” అన్నాడు సింగనాచారి, తల ఎత్తకుండా.

మొదటిసారి బండి క్షేమంగా తిరిగి వచ్చింది. రాజుగారు పకపకా నవ్వారు.

రెండోసారీ వచ్చింది. సింగనాచారి చక్రం పక్కన కూర్చుని ఇరుసును తడిమి చూశాడు. గోటికి సన్నని గీత తగిలినట్టే ఉంది. ఆకురాయి గీతేలే అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

మూడోసారి, కనుమ మలుపులో ఇరుసు ఫెళ్ళున విరిగింది. ఎడ్లూ, కానుకలూ, లింగన్నా లోయలో పడ్డారు.

మనుషులు లింగన్న శవాన్ని మోసుకొచ్చారు. వెనకే విరిగిన ఇరుసునూ తెచ్చారు. ఇనుము విరిగిన చోట సగం నల్లగా, సగం తెల్లగా ఉంది. నల్లనిది పాత పగులు. అది పైనుంచే మొదలై, ఒక్కో ప్రయాణానికీ లోలోపలికి పాకింది.

చెన్నమ్మ ఏడవలేదు. గుమ్మం దగ్గర నిలబడి అడిగింది.

“బావగారూ, ఇది విరుగుతుందని మీకు ముందే తెలుసా?”

అబద్ధమాడడానికి అతనికి ఇక భయమూ మిగల్లేదు.

“తెలుసమ్మా.”

ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బతికున్నన్నాళ్ళూ అతనితో మళ్ళీ మాట్లాడలేదు.

సింగనాచారి ఇరుసు ముక్కలు తీసుకెళ్ళి కొలువులో రాజుగారి ముందు పెట్టాడు.

“ఆజ్ఞ మీది ప్రభూ. చేతులు నావి. ఇకమీదట నా కొలిమి మూయించినా, నా చేతులే తీయించినా సరే, దెబ్బలు తిన్న ఇరుసును నునుపు చేయను.”

రాజుగారు తలవంచుకున్నారు. ఆ రోజు నుంచి ఆ కనుమలో ఒక్క ఇరుసూ విరగలేదు. సింగనాచారి పేరు నాలుగు రాజ్యాలకూ పాకింది. ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం అతను అక్కడ నిలబడలేకపోయేవాడు.

తెలిసిన నిజాన్ని భయపడి దాచుకుంటే, మనల్ని నమ్మినవాళ్ళే దానికి బలవుతారు.