ఎవరికి తెలియవచ్చింది?

చయనులుగారి దగ్గర రచన నేర్చుకుంటున్న మృత్యుంజయం ఒక మధ్యాహ్నం అడిగాడు: "గురువుగారూ, ఎక్కడ 'నేను' అని రాయాలి, ఎక్కడ 'అతడు' అని రాయాలి? దానికేదైనా సూత్రం ఉందా అండి?"

ఆయన ఏం చెప్పేవారో గానీ, అంతలో సన్యాసమ్మ వచ్చి అరుగు ముందు నిలబడింది. ఆమె భర్త నీలకంఠం కాలువ తలుపులు ఎత్తి దించే లస్కరు. ముందురోజు ఎవరో తలుపు తాళం పగలగొట్టి నీళ్లు మళ్లించుకోవడంతో దిగువ చేలు మునిగాయి. నేరం నీలకంఠం మీద పడింది.

"పొద్దున్నే స్టేషనుకు తీసుకుపోయారండి. చూసినోళ్లెవరైనా రాసిస్తే వదులుతామంటన్నారు. చూసినోళ్లు లేకపోలేదు. నోరిప్పేవాళ్లే లేరండి," అంది.

మృత్యుంజయం తల వంచుకున్నాడు. తాళం పగలగొట్టడం గట్టు మీదనుంచి అతడు చూశాడు. పగలగొట్టింది ఊరి మోతుబరి మనుషులు. అతని తండ్రి కౌలుకు చేసేది ఆ మోతుబరి పొలమే. ఈ సంగతంతా పొద్దున గురువుగారికి చెప్పిందీ తనే.

చయనులుగారు కాగితం అతని ముందుకు జరిపారు. మృత్యుంజయం రాశాడు: "సదరు తాళమును ఇతరులు పగులగొట్టినట్లు తెలియవచ్చినది."

ఆయన చదివి, "ఎవరికి తెలియవచ్చింది?" అన్నారు.

"మా నాన్న కౌలు పోతుందండి."

"పోవచ్చు."

ఆయన ధైర్యం చెప్పలేదు, బలవంతమూ చెయ్యలేదు. సన్యాసమ్మ మెట్టు మీద కూర్చుని, తనకు చదవరాని ఆ అక్షరాల వంకే చూస్తోంది. మృత్యుంజయం కలం కింద పెట్టాడు, మళ్లీ తీశాడు. చాలాసేపటికి ఆ వాక్యం కొట్టేసి "నేను చూశాను" అని మొదలుపెట్టి, తాళం పగలగొట్టినవాళ్ల పేర్లన్నీ రాసి సంతకం చేశాడు.

నీలకంఠం ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. కౌలు ఆ ఏడే పోయింది. తండ్రి కొడుకుతో మాట్లాడడం మానేశాడు.

కొన్నాళ్లకు మృత్యుంజయం ఆ ఉదంతాన్ని పత్రిక కోసం రాసి తెచ్చాడు. తన చెయ్యి ఎలా వణికింది, తనెంత నలిగిపోయాడు, చివరికి ఎలా తెగించాడు, అంతా ఉంది. వాక్యానికొక "నేను".

చయనులుగారు చివరిదాకా చదివారు. "స్టేషన్లో నీలకంఠాన్ని ఏం చేశారు?"

మృత్యుంజయం తడబడ్డాడు. "అడగలేదండి."

"అడిగిరా."

వెళ్లాడు. నీలకంఠం స్టేషన్లో తిన్న దెబ్బల సంగతి విని తిరిగొచ్చి, పాత కాగితాలు పక్కన పెట్టాడు. ఆ తర్వాత రాసినదాంట్లో నీలకంఠం ఉన్నాడు, సన్యాసమ్మ ఉంది, వాంగ్మూలం రాసిన యువకుడు ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయాడు.

దాన్ని గురువుగారికిస్తూ, "అయినా ఎక్కడ 'నేను', ఎక్కడ 'అతడు' అన్నది ప్రతిసారీ ముందే తెలిసేదెలా అండి?" అన్నాడు, బెంగ తీరక.

"నీ చెయ్యి ఏ మాటకు తొందరపడుతోందో చూసుకో," అన్నారు చయనులుగారు. "అక్కడ కాసేపు ఆగు."