ముసలిబండకి దారి

"కడలి మీది కొంగమ్మా, కాలెక్కడ పెడతావే,
అలల మీద నిలవదమ్మా, ఆకాశాన ఆనదమ్మా..."

ఆ పైన ఏముందో కాసులమ్మకి గుర్తు లేదు. చిన్నప్పుడు ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలుతూ ఆడపిల్లలంతా కలిసి పాడిన పాట అది. మూడో చరణంలో కొంగ ఏదో జవాబు చెబుతుంది. ఆ జవాబే నోటికి రాదు. పరదేశి గురువు పాకకి ఇసకలో నడిచి వెళ్తున్నంతసేపూ ఆ రెండు చరణాలే ఆమె నోట్లో తిరిగాయి.

పరదేశి గురువు ఒకప్పుడు ఆ ఊరి తండేలు. అంటే పడవ ముందు కూర్చుని దారి చెప్పే మనిషి. సముద్రం మానేశాక వలలు బాగుచేసే పాకలో మధ్యాహ్నాలు ఆడవాళ్లకి అక్షరాలు నేర్పేవారు. పలకలేమీ ఉండేవి కావు, ఇసకే పలక. కాసులమ్మ యాభై నాలుగో ఏట ఆ ఇసక మీదే తన పేరు రాసుకుంది. ఆ రోజు తన పేరు చుట్టూ తిరిగి చూసింది, వెనకనుంచి కూడా తనదేనా అని.

గురువుగారికి ఒక అలవాటు. ఎవరైనా ప్రశ్న తెస్తే జవాబు చెప్పరు, చేతికి పని ఇస్తారు. అన్నదమ్ముల నుంచి వేరుపడనా వద్దా అని అడిగినవాడికి చిక్కుపడ్డ వల ఒకటి ఇచ్చి మూడు రోజులు విప్పించారట. నాలుగో రోజుకి వాడికి చిక్కులు విప్పడం వచ్చింది కానీ ప్రశ్న గుర్తు లేదట.

ఇప్పుడు కాసులమ్మ తెచ్చిన ప్రశ్న మనవరాలిది. ప్రవల్లిక లెక్కలూ ఫిజిక్సూ తీసుకుని ఇంటర్ పాసైంది. రెండు కాగితాలు ఒకే వారంలో ఇంటికి వచ్చాయి. యూనివర్సిటీలో సీటు వచ్చిందని ఒకటి, విమానం నడపడం నేర్పే బడిలో చోటు దొరికిందని ఒకటి. రెండిటికీ గురువారం లోపు ఏదో ఒకటి చెప్పాలి. కళ్లూ చెవులూ గుండే చూసిన డాక్టర్లు ఈ పిల్ల ఎగరవచ్చని రాసి ఇచ్చారు కూడా. ఇక మూడేళ్లు బెంచీ మీద కూర్చోవడం దేనికని ప్రవల్లిక పట్టు. ముందు చదువు, ఆ తర్వాత ఆకాశమో పాతాళమో నీ ఇష్టమని కాసులమ్మ పట్టు. కాసులమ్మ కొడుకు, పిల్ల తండ్రి నూకరాజు ఎటూ చెప్పలేక, ఇంట్లో మాట లేచినప్పుడల్లా పడవ ఇంజను తుడుచుకుంటూ బయట కూర్చునేవాడు.

కాసులమ్మ పట్టుకి ఒక కారణం ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. పడుచుతనంలో పట్నంలో చేపలమ్ముతూ ఒకసారి యూనివర్సిటీ గేటు ముందు గంప దించుకుంది. పుస్తకాలు గుండెలకి ఆనించుకుని ఆడపిల్లలు లోపలికి వెళ్తున్నారు. గంప మళ్లీ ఎత్తుకునేసరికి ఐసు కరిగిపోయింది. తన ఇంటి పిల్ల ఒక్కతైనా ఆ గేటు లోపలికి నడవాలని ఆనాడు అనుకుంది. నలభై ఏళ్లుగా అనుకుంటూనే ఉంది.

"ముందు పెద్ద సదువా, ముందు ఇమానమా? మీరే తేల్చండి గురువా. మీ మాటైతే ఇంటాది," అంది. చదువు చెప్పిన మనిషి చదువనే అంటారని ఆమె ధైర్యం.

ఆయన వల సూది పక్కన పెట్టి, రేపు పొద్దున్న నువ్వూ మనవరాలూ పడవెక్కండి అన్నారు.

మర్నాడు ఒడ్డున పెద్ద నవ్వులాటే అయింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు పడవ ఎక్కరు. చేప ఒడ్డుకి వచ్చాకే వాళ్ల పని మొదలు. ఆడోళ్లని ఎక్కించే ముందు గంగమ్మ తల్లిని అడిగావా గురువా అని ఎవరో ఎత్తిపొడిచారు. గంగమ్మ మాత్రం మగోడేటిరా అన్నారాయన, ఆగకుండా నడుస్తూనే. అరవై రెండేళ్లు సముద్రం పక్కనే బతికి, సముద్రంలోకి పోయే మగాణ్ణి కట్టుకుని, అలాంటివాణ్ణే కని, కాసులమ్మ ఆ పొద్దు మొదటిసారి పడవలో కాలు పెట్టింది.

కొంత దూరం పోయాక ఒడ్డువైపు తిరిగి చూసి నోరు తెరిచింది. ఊరు ఇంతేనా. జన్మంతా తిరిగినా తరగని ఊరు అరచేతిలో పట్టేటట్టుంది. తన ఇల్లేదో వెతుక్కుని, దొరికాక, ఎవరో చూస్తున్నట్టు కొంగు సర్దుకుంది.

గురువుగారు ప్రవల్లిక ఫోను తీసి గంపలో వేయించి, నూకరాజు చేత ఇంజను పిడి ఆమె చేతికి ఇప్పించారు. ముసలిబండ మీదకి తీసుకెళ్లమన్నారు. అది నీటి కింద ఉండే బండ, మూడు బారల లోతున. చేపలన్నీ దాని చుట్టే మేస్తాయి. పైకి చూస్తే అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. ఒక గుర్తు చెప్పారు. వెనక్కి చూసినప్పుడు లైట్‌హౌసు దాని వెనకున్న కొండ నొక్కులో కూర్చుని ఉండాలి, దాన్ని కదలనివ్వకూడదు.

పిల్ల కదలనివ్వలేదు. గాలి పక్కకి తోసినా, అల ఎత్తి పడేసినా, లైట్‌హౌసు ఆ నొక్కులోంచి వెంట్రుకవాసి జరగలేదు. నూకరాజు మొహం పక్కకి తిప్పుకుని నవ్వుకున్నాడు. కాసేపటికి గురువుగారు రాయి కట్టిన తాడు వదలమన్నారు. ఆరు బారల తాడూ దిగిపోయింది, అడుగు తగల్లేదు. ఇంకొంచెం ముందుకి పోయి వదిలారు. తగల్లేదు. మూడోసారీ తగల్లేదు.

"దారి తప్పలేదు తాతా. నువ్వు చెప్పిన గీత మీదే ఉన్నాను," అంది ప్రవల్లిక, కొంచెం కోపంగానే.

"తప్పలేదు తల్లీ. ఇలాగే పోతే సాయంత్రానికి కూడా తప్పవు," అన్నారాయన.

అప్పుడు రెండో గుర్తు చెప్పారు. ఇటు పక్క ఒంటితాడి ఉందే, అది వెనక గుట్ట మీది నల్లరాతి కిందకి రావాలి. మొదటి గుర్తూ ఇదీ కలిసిన చోటే బండ. చెప్పి, నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఒంటితాడి కోసం చూశారు. చూస్తూనే ఉన్నారు. నూకరాజు గొంతు సవరించుకుని, ఆ చెట్టు రెండేళ్ల కిందటి తుఫానుకి పడిపోయింది గదా గురువా అన్నాడు. ఆయనకీ తెలుసు. ఆ మొద్దునే నరికి పాకకి నిట్రాడ వేసుకున్నారు. కానీ పడవెక్కగానే నోరు యాభై ఏళ్లుగా చెప్పే మాటే చెప్పింది. పెద్దాయన మొహం చిన్నబోయింది. పడవ ఊగుతోంది.

కాసులమ్మ ఆ చెట్టు నీడన ముప్పై ఏళ్లు చేపలు ఎండబెట్టింది. దాని మొదలు ఎక్కడో ఆమె పాదాలకి తెలుసు. చెట్టుకి పది అడుగుల వెనక ఐసు ఫ్యాక్టరీ గోడ, గోడ మీద రెండాళ్ల ఎత్తున నీలం అక్షరాలు. దగ్గరి అక్షరాలు ఆమె కంటికి ఇప్పుడు ఆడుతున్నాయి గానీ దూరపు చూపు ఇంకా గట్టిదే. వేలు చాపి మెల్లగా కూడబలుక్కుంది. ఆ తర్వాత, మొదటి అక్షరం ‘ఐ’ ఉంది చూడు, సరిగ్గా దాని కాళ్ల దగ్గరే చెట్టు ఉండేదని చెప్పింది.

ప్రవల్లిక పడవ వెనక్కి తిప్పింది. బండని ఎప్పుడో దాటిపోయారు. లైట్‌హౌసు చూసి, తల తిప్పి గోడ చూసి, మళ్లీ లైట్‌హౌసు చూసేసరికి అది నొక్కులోంచి జారిపోయేది. రెండుసార్లు జారింది. పెదవి బిగించి మూడోసారి మొదలుపెట్టింది.

"ఒకటయ్యాక ఒకటి చూస్తే కుదరదా తాతా?"

"నువ్వు ఒకటయ్యాక ఒకటి చూసేదాకా నీళ్లు ఆగవు."

ఈసారి పిల్ల మెడ తిప్పడం మానేసింది. రెండూ కంటి కొసల్లో ఉండేటట్టు పక్కకి తిరిగి కూర్చుంది. నల్లరాయి ‘ఐ’ మీదకి వచ్చింది, లైట్‌హౌసు నొక్కులోనే ఉంది. నూకరాజు రాయి వదిలాడు. మూడు బారలు దిగి తాడు వదులైంది. ఆ చిన్న దెబ్బ తాడు వెంట పైకి పాకి అతని చేతికి తగిలింది. తాడు తల్లికి అందించాడు. కాసులమ్మ పట్టుకుని చూసింది. అరవై రెండేళ్లుగా ఇంటికి అన్నం పెట్టిన బండ ఆ కొసన ఉంది.

పడవ తిరిగి వస్తోంది. ఒడ్డు ఇంకా అందకముందే ప్రవల్లిక చెప్పింది.

"మామ్మా, నేను విమానం బడికే వెళ్తాను. డిగ్రీ కూడా ఈ ఏడే కడతాను, దూరవిద్యలో. రెండిట్లో ఏదీ తర్వాతకి పెట్టను."

అడుగుతున్నట్టు లేదు, చెప్పేసినట్టుంది. పిడి పట్టిన అరచెయ్యి ఎర్రగా కంది ఉంది. కాసులమ్మ ఆ చెయ్యి చూసి ఇక వాదించలేదు. దూరవిద్యకి గేటు ఉండదని మాత్రం ఆమెకి తెలుసు. కాగితాలు పోస్టులో వస్తాయి, అంతే.

తండ్రీ కూతురూ పడవ లాగుతుంటే ఆమె వెనకబడి గురువుగారి పక్కకి వచ్చింది. నలభై ఏళ్లు దాచుకున్న గేటు సంగతి, గంప సంగతి, కరిగిన ఐసు సంగతి అప్పుడు చెప్పింది. పిల్లకి మీరు చదువే ముందని చెబుతారనుకున్నాను గురువా అని, కళ్లు తుడుచుకుంది. ఆయన తడి పంచె పిండుకుంటూ అంతా విన్నారు. ఆ నెలలోనే ఆయన నిద్రలో పోయారు. అందుకే అప్పుడు ఆయన అన్న ఈ మాటే ఆమె విన్న ఆఖరి మాట అయింది.

"పిల్ల కోసం అడగాల్సింది అయిపోనాది, కాసులమ్మా. ఇంక నీది అడుగు."