సైడ్‌బార్‌లో రాయచూరు

"మాస్టారూ, మనిషి వచ్చేది, చదివేది, ఒక్క మాటయినా అనకుండా వెళ్ళిపోయేది. ఇప్పుడు రావడమే మానేసింది. ఆవిడ చేత మాట్లాడించాలంటే సైడ్‌బార్‌లో ఇంకేం పెట్టాలండీ?"

చీరాలలో ఒక మేడమీద గదిలో, పరాంకుశం మాస్టారిని తాయారమ్మ అడిగిన ప్రశ్న ఇది. మాస్టారు జవాబు చెప్పలేదు. చెప్పరని ఆమెకూ తెలుసు. ఆ గదిలో ముప్పై ఏళ్ళు టైపు నేర్పిన మనిషి ఆయన. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక, వయసు మళ్ళినవాళ్ళకు తెలుగులో టైపు చేయడం, బ్లాగు పెట్టుకోవడం నేర్పుతున్నారు. అడిగినదానికి నోటితో బదులు చెప్పే అలవాటు ఆయనకు మిషన్ల కాలంలోనే లేదు. వేళ్ళు ఎందుకు తడబడుతున్నాయండీ అని అడిగిన పిల్లకు, మారు మాట్లాడకుండా మీటల మీద తుండుగుడ్డ కప్పి "ఇప్పుడు కొట్టు" అనేవారట. కోపం వచ్చి మానేసినవాళ్ళు కొందరు, పరీక్ష ప్యాసై ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కొందరు. తాయారమ్మ ఈ రెండు రకాల్లోనూ చేరదు. బళ్ళో ముప్పై మూడేళ్ళు పిల్లల్ని ప్రశ్నలడిగి రిటైరైన టీచరు. జవాబు రాబట్టకుండా కుర్చీలోంచి లేచే రకం కాదు.

ఆమె బ్లాగు పేరు ‘ఏడో నంబరు గది’. గుంటూరులో టీచరు ట్రెయినింగు చదివిన రోజుల్లో, హాస్టల్లో ఆమే, మెహరున్నీసా అనే స్నేహితురాలూ కలిసి ఉన్న గది అది. రెండు మంచాలు, ఒకటే అద్దం. మెహర్ ఆ ఏడాది మధ్యలోనే చదువు మానేసి ఇనప్పెట్టె పట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. రాయచూరు సంబంధం చేశారని తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు. ఆ పైన ముప్పై ఏడేళ్ళు ఒకరి కబురు ఒకరికి లేదు. రిటైరయ్యాక తాయారమ్మ ఈ బ్లాగు మొదలుపెట్టి హాస్టలు చారు గురించి రాసింది, దొడ్లో బట్టలారేసే తీగ కోసం పడిన తగవుల గురించి రాసింది, వార్డెనమ్మ చెప్పుల చప్పుడు గురించి కూడా రాసింది. ఆ గది ఎలా ఖాళీ అయిందో మాత్రం రాయలేదు.

తొమ్మిదో టపా కింద ఒకనాడు ఒక వ్యాఖ్య వచ్చింది. "చారు నీళ్ళలా ఉండేదన్నావు, సరే. అందులో నా వాటా కూడా నువ్వే తాగేసేదానివని రాయలేదేం? మెహర్, రాయచూరు." అది చదివి తాయారమ్మ వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి ముందు నిలబడి కాసేపు ఏడ్చింది. ఏడుపయ్యాక జవాబు రాసింది. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం ఆమె ఒక టపా రాయడం, మెహర్ వచ్చి అందులో తప్పులు పట్టడం అలవాటైపోయింది. ఫోన్ నంబరు ఇవ్వమని అడిగితే, "ఫోనయితే ఇద్దరం ఏడుస్తూ కూర్చుంటాం. నువ్వు రాస్తూ ఉండు, నేను దిద్దుతా" అంది. తాయారమ్మ మళ్ళీ అడగలేదు. అడిగితే ఆ వచ్చేది కూడా రాదేమోనని ఆమె భయం.

అలా ఆర్నెల్లు సుఖంగా సాగాక, ముక్కూ మొహం తెలియనివాడెవడో మెహర్ రాసిన వ్యాఖ్య కింద, ఈ ముసలమ్మల కబుర్లు ఎవరికి కావాలని వెటకారంగా రాసిపోయాడు. తననంటే తాయారమ్మ నవ్వి ఊరుకునేదే. మెహర్‌ని అన్నాడని ఒళ్ళు మండి ఆ వ్యాఖ్యను తీసేసింది. అంతటితో ఆగక సెట్టింగుల్లోకి వెళ్ళి, ‘వ్యాఖ్యలు నేను చూశాకే పైకి కనపడాలి’ అన్న చోట టిక్కు పెట్టింది. కొత్తవి వస్తే తనకు తెలియాలి కదా అని, ‘కొత్త వ్యాఖ్యలు’ అనే విడ్జెట్, అంటే ఒక చిన్న పెట్టె, తెచ్చి టపాల పక్కనుండే సైడ్‌బార్‌లో పెట్టుకుంది. ఇక వచ్చినవి వచ్చినట్టు ఆ పెట్టెలో తన కంటబడతాయని ధీమాగా కూర్చుంది.

ఆ వచ్చిన శుక్రవారం పెట్టె ఖాళీ. ఆ పై శుక్రవారమూ ఖాళీయే. పెట్టె సరిగా పనిచేయడం లేదేమోనని దాన్ని తీసి మళ్ళీ పెట్టింది. రంగు మార్చింది, వెడల్పు పెంచింది. పెట్టెలు సర్దుకునే లేఅవుట్ పేజీలో ‘విడ్జెట్ జోడించండి’ అని ఒక మీట ఉంటుంది. దాన్ని నొక్కడం ఎవరికైనా వస్తుంది, నొక్కడం మానడమే రాదు. తాయారమ్మ ముందు సందర్శకుల లెక్క పెట్టింది. రోజుకు ముప్పై చూపిస్తుంటే మురిసిపోయింది. బ్లాగు తెరిచి చూసుకున్నప్పుడల్లా అది తననే లెక్కేస్తోందని, ఆ ముప్పైలో పాతిక తనేనని మాస్టారు చెప్పాక, చిన్నబుచ్చుకుని రెండు రోజులు ఆ మేడ మెట్లెక్కలేదు. తర్వాత ప్రపంచపటం పెట్టింది. ఎక్కడ ఎవరు తన బ్లాగు తెరిచినా ఆ ఊరి మీద ఎర్రచుక్క పడుతుంది. శుక్రవారం పొద్దున పదకొండింటికి రాయచూరు మీద చుక్క పడింది.

ఆ చుక్కను చూసినప్పుడు ఆమెకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మెహర్ వచ్చింది. ఈ క్షణాన తను రాసింది చదువుతోంది. ఇప్పుడో ఇంకాసేపట్లోనో ఏదో ఒక తప్పు పడుతుంది. పొయ్యి మీద కూర అడుగంటింది గానీ పెట్టెలో ఒక్క అక్షరం రాలేదు. చుక్క ఆరిపోయింది. పది వారాలు ఇదే వరస. వచ్చి, చూసి, పలకరించకుండా పోయే మనిషిని పలికించేదెలాగని తాయారమ్మ ఆలోచించి, సైడ్‌బార్‌ను ముస్తాబు చేయడం మొదలుపెట్టింది. నొక్కితే మేత తినే రంగు చేపలు పెట్టింది, పాత పాటల పెట్టె పెట్టింది. ‘ఈ బ్లాగు మీకెలా ఉంది’ అని ఓటింగు పెట్టి, బాగుంది, చాలా బాగుంది, అద్భుతం అని మూడు జవాబులిచ్చింది. పడిన ఒక్క ఓటూ ఆమెదే. మెహర్‌కి ఇష్టమని పెట్టెలన్నిటికీ చిలకపచ్చ రంగు వేసింది. రాయచూరు వాతావరణం చెప్పే విడ్జెట్ వెతికి తెచ్చి, దాన్ని పైకి లాగి అన్నిటికన్నా ముందు నిలిపింది. అక్కడ నలభై ఒక్క డిగ్రీలని చూపిస్తే ఇక్కడ ఈమె ఉసూరుమనేది. అంత ఎండలో మెహర్ ఏం చేస్తోందో, మంచినీళ్ళయినా వేళకు తాగుతోందో లేదో అనుకునేది. నిజం చెప్పాలంటే ఆమెకు బ్లాగూ అక్కర్లేదు, ముప్పైమంది చదవడమూ అక్కర్లేదు. మెహర్ వచ్చి ఒక్క తప్పు దిద్దితే చాలు. అయిదు వారాలుగా ఆ చుక్క కూడా పడటం లేదు.

ఆ దిగులుతోనే ఆమె ఇవాళ మాస్టారిని ఆ ప్రశ్న అడిగింది.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని లేచారు. "నీ బ్లాగు తెరిచి ఇక్కడే కూర్చోమ్మా. ఆ పక్క అంతా చూస్తూ ఉండు" అని ముందుగదిలో ఉన్న ఇంకో కంప్యూటరు దగ్గరకు వెళ్ళారు. తాయారమ్మ చూస్తూ కూర్చుంది. ఆమె పెట్టుకున్న ‘ఇప్పుడు ఉన్నవారు’ అన్న పెట్టెలో ఒకటి ఉండేది, రెండయింది. ముందుగదిలోంచి మీటల చప్పుడు వినిపించింది. కాసేపటికి మాస్టారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"వచ్చానా?"

"వచ్చారండీ. ఒకటల్లా రెండయింది. మొత్తం లెక్కలో కూడా ఒకటి పెరిగింది."

"మంచిది. ఏమన్నాను?"

తాయారమ్మ కొత్త వ్యాఖ్యల పెట్టె వైపు చూసింది. టపా కిందికి వెళ్ళి చూసింది. పేజీ మళ్ళీ తెరిచి చూసింది. "ఏమీ అనలేదండీ" అంది.

"అన్నానమ్మా. నీ ఎదురుగానే కదా వెళ్ళాను. మూడు వాక్యాలు టైపు చేసి పంపి వచ్చాను."

"అయ్యో, మీరు అబద్ధం చెబుతున్నారంటానా? ఇక్కడ లేదండీ, చూడండి."

మాస్టారు చూడలేదు. పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "బ్లాగు వెనక పేజీ తియ్యి. అక్కడికి ఎప్పుడైనా వెళ్తుంటావా?" అన్నారు. రోజూ వెళ్తానండీ, లేఅవుట్ అక్కడేగా ఉండేది అంది తాయారమ్మ. "లేఅవుట్ కాదు, దాని పైన ఇంకో మాట ఉంది చూడు. వ్యాఖ్యలని. అది నొక్కు." ఆమె నొక్కింది. తెర మీద ఒక వాక్యం వచ్చింది. ‘మీ అనుమతి కోసం ఎదురుచూస్తున్నవి: 12.’

ఏం జరిగిందో అర్థం కావడానికి ఆమెకు నిమిషం పట్టింది. సైడ్‌బార్‌లో పెట్టె, అందరికీ కనపడే వ్యాఖ్యలనే చూపిస్తుంది. ఆమె చూసి సరేనన్న తర్వాతే ఏ వ్యాఖ్యయినా కనపడుతుంది. ఆమేమో పెట్టెలోకి వస్తే అప్పుడు చూద్దామని కూర్చుంది. మెహర్‌ని ఎవరూ ఒక మాట అనకూడదని వేసిన తాళం, నాలుగు నెలలుగా మెహర్ నోటికే పడి ఉంది.

కొత్తవి పైన, పాతవి కింద ఉన్నాయి. అన్నిటికన్నా పైన మాస్టారిది. "తాయారమ్మా, వచ్చాను. కుశలమేనా? నీ జవాబు కోసం కూర్చున్నాను." దాని కింద రెండు ఏవో మందుల ప్రకటనలు. మిగతా తొమ్మిదీ మెహర్‌వి. ఆమె వేలితో కిందికి జరుపుకుంటూ చదివింది.

"తాయారూ, ఇదే ఆఖరు. సైడ్‌బార్ నిండా ఏవేవో పెట్టావు. చేపలు బాగున్నాయి, మా మనవరాలు తెగ మేత వేస్తోంది. రాయచూరు ఎండ ఎంతో కూడా చెబుతున్నావు. మా ఊరి ఎండ నాకు తెలియదటే? నా మాటొక్కదానికే నీ దగ్గర చోటు లేకపోయింది. ఇక విసిగించను."

దాని కిందది: "ఓటింగు పెట్టావు. మూడు జవాబులిచ్చావు. నేనడిగినదానికి జవాబు ఆ మూడింట్లో లేదు."

ఇంకా కింద: "ఈ వారం కూడా నా మాట వెయ్యలేదు. ఒంట్లో బాగుంటోందా? టపాలు రాస్తున్నావు కనుక బాగానే ఉన్నావనుకుంటున్నా." దాని కింద: "పోయినవారం పంపింది నీకు చేరలేదేమోనని మళ్ళీ రాస్తున్నా." అలా చదువుకుంటూ దిగి, తొమ్మిదోదాని దగ్గర ఆమె వేలు ఆగింది. తాళం వేసిన బుధవారం తర్వాత రెండోనాడు, శుక్రవారం పదకొండింటికి వచ్చింది అది.

"ఒసే తాయారూ, ఇన్ని రాశావు గానీ గది ఖాళీ అయిన రోజు గురించి రాయలేదేం? సర్కస్‌కి చెప్పకుండా వెళ్ళింది మనిద్దరం. వార్డెనమ్మకు తెలిసింది నా పేరొక్కటే. నన్నొక్కదాన్నే ఇంటికి పంపేశారు. ముప్పై ఏడేళ్ళుగా ఒకటే అనుమానం. చెప్పింది నువ్వేనా? కోపం లేదే. కోపం తెచ్చుకునే వయసు దాటిపోయాం. ఊరికే, నీ నోటి నుంచి వినాలని ఉంది."

అంత సూటిగా అడిగిన మనిషికి నాలుగు నెలల మౌనం ఏం చెప్పి ఉంటుందో తాయారమ్మకు వేరే ఒకరు చెప్పనక్కర్లేదు. వార్డెనమ్మ గదిలో నిలబడిన ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చింది. "నేను కాదండీ, మెహర్ ఒక్కతే వెళ్ళింది" అని ఆ పిల్ల అన్న మాట గుర్తొచ్చింది. ఆ మధ్యాహ్నం మెహర్ ఇనప్పెట్టె ఈడ్చుకుంటూ వెళ్తుంటే తలనొప్పి వంక పెట్టి గేటు దాకా వెళ్ళలేదు. తను టీచరైంది, మెహర్ కాలేదు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. అయినా ఆ సిగ్గులోంచే, మెహర్ ఇప్పుడు ఎదురుగా ఉంటే బాగుండునని, రెండు చేతులూ పట్టుకుంటే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. ఆ తొమ్మిదో వ్యాఖ్య పక్కన రెండు మీటలున్నాయి. ఒకటి నొక్కితే అందరికీ కనపడుతుంది. రెండోది నొక్కితే ఎప్పటికీ ఉండదు.

"మాస్టారూ," అంది ఆమె. "తాళం సంగతి చెప్పి, పొరపాటైందని క్షమాపణ రాసి, మిగతా ఎనిమిదీ పైకి వేసేస్తానండీ. ఈ ఒక్కటీ తీసేస్తే ఏమవుతుంది? చేరలేదనుకుంటుంది. ఎప్పట్లాగే మళ్ళీ తప్పులు దిద్దుతుంది. నాకంతకన్నా ఇంకేం వద్దు."

మాస్టారు ఆ వ్యాఖ్యను ఆమె భుజం మీదుగా మొదటినుంచీ నిదానంగా చదివారు. మీట మీదున్న ఆమె వేలి వైపు చూశారు గానీ ఆపలేదు. కుర్చీ వెనక్కి జరిపి లేచారు.

"ఆవిడ అడగాల్సింది అడిగేసిందమ్మా. ఇక మాట్లాడాల్సింది నువ్వు."