రాజుగారి ముఖం అచ్చు

వెనకటికొక రాజు, రాజ్యంలో ప్రతి బట్ట మీదా తన ముఖమే అచ్చు వెయ్యాలనీ, పువ్వులూ చిలకలూ వేస్తే వేళ్ళు నరికిస్తాననీ చాటింపు వేయించాడు. చిలకల అచ్చులకు పేరుమోసిన నాంచారి మూడు రోజులు అచ్చు ముట్టకుండా ఆలోచించింది. నాలుగో నాటికి ఉపాయం తట్టింది. ఆనందం పట్టలేక ఒక్క పరుగున కొలువుకెళ్ళి, రాజు ముఖం అద్దిన కొత్త కండువా పరిచింది. రాజు మురిసిపోయాడు.

"ఇది మొదటి ఏడు, ప్రభూ," అంటూ నాంచారి మూటలోంచి అదే ముఖం అద్దిన ఇంకో రెండు పాత ముక్కలు తీసింది. "రెండో ఏటికి ఇదే పాతబడి ఉయ్యాల్లో పసిబిడ్డ కింద పక్కగుడ్డవుతుంది. మూడో ఏటికి వంటింట్లో మసిగుడ్డ. బట్ట బతుకంతే. తమ మీసాలకు మసి అంటితే ఏ ఇల్లాలి వేళ్ళు నరికించాలో ఇప్పుడే సెలవియ్యండి."

రాజు మీసం తడుముకున్నాడు.

"చిలకలే వేసుకో," అన్నాడు. "ఆ మసిగుడ్డ మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళు."