వాలిన చక్రాలు

బాగుచేసిన బండిని చేసినవాడే మొదట ఎక్కి కొండ కనుమ దారి దిగాలన్నది ఆ సంస్థానంలో ఆచారం.

బగ్గీ నేలకు దగ్గరగా సాగితేనే దర్జా అని జమీందారు పట్టుబడితే వడ్రంగి లింగాచారి దాన్ని కిందికి దించాడు. దాంతో చక్రాలు పైభాగాన లోపలికి వాలిపోయాయి.

"వీటిని నిటారుగా నిలబెట్టనివ్వండి దొరా. ఇలాగే కదిలితే కనుమ దిగేలోపు చక్రం ఊడుతుంది," అన్నాడు లింగాచారి.

"ఊరేగింపుకు వేళవుతోంది. వాలితేనే అందం, అలాగే ఉంచు. ఆచారం తెలుసుగా, ఎక్కు," అన్నాడు జమీందారు.

లింగాచారి ఉలి కింద పెట్టేశాడు. "బండి దించింది నేనే, ఒప్పుకుంటాను. సరిచేస్తానంటే వద్దని ఈ వాలు ఉంచింది మాత్రం తమరు. అంటే ఈ చక్రాలు చేసిన వడ్రంగి తమరే. ఎక్కండి, ఆచారం తప్పకూడదు."

జమీందారు చక్రాలకేసి చూశాడు, కనుమకేసి చూశాడు.

"ఊరేగింపుకు రేపే మంచిరోజట," అన్నాడు.