చిరుతపులికి వన్స్‌మోర్

ఏటా ఎండలకు ఏరు ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగులుతుంది. అడవిలో ఉన్న నోళ్లన్నీ అక్కడే తడవాలి. తాగడానికి వచ్చేవాళ్లను తినడానికి వచ్చేవాళ్లు కూడా అక్కడికే వస్తారు. అందుకని ఏనుగు పెద్దమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఎండ చల్లబడ్డప్పటి నుంచి పొద్దు కొండ వెనక్కి దిగేదాకా మడుగు పక్క ఇసుకలో నాటకం ఆడాలి. నాటకం సాగినంతసేపూ ఎవరూ ఎవరినీ ముట్టుకోకూడదు. అయ్యాక ఏనుగులు గడ్డి తినేవాళ్లను గట్టు దాటించి వస్తాయి. అప్పటిదాకా మాంసం తినేవాళ్లు కూర్చున్నచోటు నుంచి లేవకూడదు. కాదన్నవాడికి పెద్దమ్మ కాలు చూపించింది. ఆ కాలు చూశాక ఎవరూ చర్చకు దిగలేదు.

నాటకమే ఎందుకంటే, ఊరికే కూర్చోబెడితే పులులకు ఆకలి గుర్తొస్తుంది మరి.

నాటక సమాజానికి యజమాని నక్క జంబులయ్య. అతనికి పాట రాదు, పద్యం రాదు, వేషం నప్పదు. ఇన్ని అర్హతలున్నవాణ్ణి యజమానిని చేయక ఏం చేస్తారు? తెర వెనక నుంచి మాటలందించే పని తాబేలు మామది. మొదటి రంగంలో మరిచిపోయిన మాట మూడో రంగంలో చేరేది. ఇక తెర అంటే సాక్షాత్తూ పెద్దమ్మే. ఆమె అడ్డంగా నిలబడితే తెర పడ్డట్టు, పక్కకు తప్పుకుంటే లేచినట్టు.

రాణి వేషం బొల్లి మేకది. ఆరు వేసవులుగా ఆమెదే. గడ్డమున్న రాణి ఏమిటని మొదటి ఏడు కోతులు కిచకిచలాడాయి. ఆమె ఏడుపు పద్యం ఎత్తుకున్నాక ఆ కోతులే ముక్కులు చీదుకున్నాయి. వేషం కట్టినవాళ్లకు మడుగులో మొదటి నీళ్లు దక్కుతాయి, తేటగా. మిగతావాళ్లు తాగేసరికి అది నీళ్లో బురదో చెప్పడం కష్టం. బొల్లికి కళ మీద ప్రేమ ఉంది కానీ, తేటనీళ్ల మీద ఉన్నంత లేదు.

ఒకరోజు మధ్యాహ్నం జంబులయ్య తోక ఊపుకుంటూ వచ్చాడు.

"అక్కా, శుభవార్త! రేపటి నుంచి రాజు వేషం చుక్కల దొరది."

చుక్కల దొర అంటే చిరుతపులి. బొల్లి నములుతున్న ఆకు నోట్లోనే ఆగిపోయింది.

"ఎద్దు బసవన్న ఏమయ్యాడు?"

"ఎద్దుకు రాజసం ఏదక్కా? సింహాసనం మీద కూర్చున్నా నాగలి కోసం వెతుకుతుంటాడు. దొరను చూడు, ఆ నడక, ఆ మీసం!"

"చివరి రంగంలో రాజు రాణిని అనుమానించి గొంతు కొరుకుతాడు."

"కొరికినట్టు చేస్తాడు! నటనే కదా అక్కా, ప్రాణం పోతుందా?"

"పోతే?"

"పోయినా చప్పట్లు కొడతారులే," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి తాబేలు మామ బొల్లి పడుకునే పొద దగ్గరికి వచ్చాడు. ఆట అవగానే బయలుదేరితే అప్పటికి చేరాడు.

"అమ్మాయ్, నన్ను రాయి అనుకుని ఆ నక్క నా మీద కూర్చున్నాడు. ఎదురుగా చిరుత. అన్నీ విన్నాను."

"ఏమన్నాడు?"

"'రంగం మీద చంపితే చంపినట్టు కాదు దొరా. అంతా నటన అనుకుంటారు. చప్పట్లు అయ్యేలోపు తెర వెనక్కి ఈడ్చేద్దాం. తొడలు మీవి, మిగిలింది నాది' అన్నాడు."

"పంపకాలు కూడా అయ్యాయన్నమాట. ఇంకా?"

"'తొందరపడితే పెద్దమ్మకు అనుమానం వస్తుంది. రాజు పద్యం పాడకుండా కోర దించకూడదు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడాలి, అది ఆటలో మర్యాద' అని నేర్పాడు. పద్యం కూడా తనే రాసిచ్చాడు."

"ఈ మాట పెద్దమ్మ ముందు చెబుతావా మామా?"

తాబేలు తల లోపలికి పోయింది. బొల్లి రెండుసార్లు డిప్ప మీద కొట్టి చూసింది. ఇంట్లో ఎవరూ లేనట్టే ఉంది.

సాక్షి లేని ఫిర్యాదు పెద్దమ్మ వినదు. వేషం మానేస్తే ఆ వేషం కుందేలు పిల్లకు పోతుంది. దానికి పులి నీడ చూస్తేనే గుండె ఆగుతుంది, కొరకాల్సిన శ్రమ కూడా ఉండదు. పైగా తేటనీళ్లు కూడా పోతాయి. బొల్లి చాలాసేపు నెమరు వేసింది. ఆకునీ, నక్క నేర్పిన మర్యాదనీ కూడా.

"దొరను నటుణ్ణి చేశాడుగా నక్క," అనుకుంది చివరికి. "ఇక వాణ్ణి పులిగా ఉండనిచ్చేదెవరు?"

మర్నాడు ఇసుక నిండిపోయింది. చిరుత రాజవుతున్నాడంటే చూడాలని దుప్పులు, అడవిపందులు, నెమళ్లు, చెట్లనిండా కోతులు. పెద్దమ్మ పక్కకు తప్పుకుంది. నాటకం నడిచింది. చుక్కల దొరకు మొదటి మూడు రంగాల్లో ఉన్నవి నాలుగు మాటలు. అందులో మూడు మరిచిపోయాడు. అయినా ఎవరూ నవ్వలేదు. కోరలున్న నటుడికి ఆ సౌకర్యం ఉంటుంది.

చివరి రంగం వచ్చేసరికి పొద్దు కొండకు జానెడు పైన ఉంది. దొర బొల్లిని ఇసుకలో పడేసి మెడ మీద కాలు వేశాడు. గోళ్లు దాచుకోలేదు. చొంగ ఆమె చెవి మీద కారింది. తర్వాత గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

"కన్ను తెరిచినంత కాలిపోవు నడవి,
పంజ విసిరినంత పగులు కొండ,
నన్ను మించువాడు నాలుగు దిక్కుల
లేడు! లేడు! లేడు! లేడు! లేడు!"

నాలుగో పాదానికి జంబులయ్యకు మాటలు దొరకలేదని బొల్లికి అర్థమైంది. అలాంటి పద్యం వింటూ చావడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు. దొర నోరు మెడ మీదికి వంగింది. ఊపిరి వేడిగా తగిలింది. బొల్లి ఉన్న గొంతంతా పెట్టి అరిచింది.

"వన్స్‌మోర్!"

చచ్చేవాళ్లే వన్స్‌మోర్ అనడం అడవి ఎన్నడూ చూడలేదు. ఇక కోతులు ఊరుకుంటాయా? "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని కొమ్మలు ఊపేశాయి.

దొర తల ఎత్తాడు. అంతమంది తనను చూసి పారిపోకుండా అరవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. మీసం దువ్వి మళ్లీ పాడాడు. ఈసారి 'లేడు' దగ్గర జనం కూడా అందుకున్నారు. చప్పట్లు మడుగు అవతల మోగాయి.

"చాలు దొరా, కానివ్వండి!" తెర పక్క నుంచి జంబులయ్య పళ్ల సందున గుసగుసలాడాడు.

"అద్భుతం దొరా," కాలి కింద నుంచి బొల్లి అంది. "మూడో లేడు దగ్గర మాత్రం కొంచెం శ్రుతి తప్పింది."

"తప్పిందా?"

"కొంచెమే. దుప్పులు నవ్వుకుంటున్నాయి, మీరు పట్టించుకోకండి."

దొర పట్టించుకున్నాడు. మూడోసారి పాడాడు. నాలుగోసారి కోతులు రాగం మార్చమన్నాయి, మార్చాడు. అయిదోసారి నెమలి "వెనకవాళ్లకు వినపడలేదు" అంది. ఆరోసారి అటు తిరిగి, ఏడోసారి ఇటు తిరిగి పాడాడు. అటూ ఇటూ తిరగడానికి బొల్లి మెడ మీది కాలు అడ్డమైతే తీసి పక్కన పెట్టుకున్నాడు.

"దొరా, మాంసం! మాంసం!" జంబులయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

"ఉండవయ్యా, నీకు కళంటే తెలీదు!" అని కసిరాడు దొర, అందరికీ వినపడేలా.

తొమ్మిదోసారికి గొంతు బొంగురుపోయింది. పదోసారి ఆఖరి 'లేడు' పిల్లికూతలా వచ్చింది. అప్పుడే పొద్దు కొండ వెనక్కి దిగింది. పెద్దమ్మ నాలుగడుగులు వేసి రాజుకూ రాణికీ మధ్య అడ్డంగా నిలబడింది. తెర పడింది. బొల్లి ఇసుక దులుపుకుని, నడిచి వెళ్లి మొదటి నీళ్లు తాగింది. ఆ రోజు కాస్త ఎక్కువే తాగింది.

తెర వెనక జంబులయ్య నెత్తి కొట్టుకుంటున్నాడు. "నోటి దగ్గరి కూడు పోగొట్టారు కదా దొరా!"

దొర వినడం లేదు. "ఎనిమిదోసారి పాడిందే బాగా వచ్చింది, ఏమంటావు?" అని అడిగాడు.

అప్పుడు బొల్లి తడిమూతితో వచ్చి, పెద్దమ్మ పక్కన నిలబడి అంది. "దొరా, ఒక్క లోపం. నాలాంటి బక్కమేక మీద కాలేస్తే అంత పద్యానికి బరువేముంటుంది? కాలి కింద పడేవాడు పేరూ పరపతీ ఉన్నవాడై ఉండాలి. మన యజమానిగారైతే..."

"నేనా?" జంబులయ్య తోక కాళ్ల సందులోకి పోయింది. "నాకు నటన రాదు!"

"కదలకుండా పడుకోవడమే కదా తమ్ముడూ. ఎందుకంత భయం?"

"దొర... దొర నిజంగా..."

"నిజంగా ఏమిటి?" పెద్దమ్మ చెవులు విప్పి అతని వైపు తిరిగింది. "చెప్పు. కట్టుబాటు తప్పే ఆలోచన ఎవరికైనా ఉందా ఇక్కడ?"

జంబులయ్య ఆమె కాలు చూశాడు. దొర కోరలు చూశాడు. ఎటు చెప్పినా చావే.

"లేదమ్మా," అన్నాడు.

"మరేం? నటనే కదా," అంది బొల్లి. "ప్రాణం పోతుందా?"

మర్నాటి నుంచి చివరి రంగం బొల్లి చెప్పినట్టే సాగుతోంది. చుక్కల దొర వేట తగ్గించి సాధన పెంచాడు. పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి కానీ, శ్రుతి మాత్రం కుదిరింది. ఒక్కోరోజు పద్యం మధ్యలో ఆకలి గుర్తొచ్చి, కాలి కిందికి అదోలా చూస్తాడు. కోతులకు ఆ పద్యం మొహం మొత్తి ఎప్పుడో అరవడం మానేశాయి. అయినా పొద్దు వాలేదాకా ఇసుకలోంచి ఒక బొంగురు గొంతు "వన్స్‌మోర్! వన్స్‌మోర్!" అని అరుస్తూనే ఉంటుంది. అది జంబులయ్యది.

నీతి: ఎదుటివాడి చావుకు రంగం కట్టినవాడికి అందులోనే వేషం దొరుకుతుంది.